నూనెచట్టి మళ్ళీ ఎక్కిన దీపావళి

మా అత్తమ్మకు అత్త దీపావళి నాటి వేకువనే పోయింది. తలకు నూనె పెట్టించుకుని, నీళ్ళు కాగేదాకా పీట మీద కూర్చుంటానని కూర్చుని, అట్లాగే గోడకు ఒరిగిపోయింది. నిండు వయసు. ఎవరినీ బాధపెట్టని చావు. కానీ పండుగనాటి చావు. ఆ రోజుతో మా ఇంటికి దీపావళి లేకుండా పోయింది.

మా వాళ్ళలో ఇది పాత కట్టుబాటు. పండుగనాడు ఇంట్లో మనిషి పోతే ఆ పండుగ ఆ ఇంటికి నిలిచిపోతుంది. మళ్ళీ అదే పండుగ రోజున ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదా కొట్టంలో ఆవు ఈనాలి. అప్పుడు గానీ అది తిరిగి రాదు. అంతవరకు ఆ రోజు పొయ్యి మీద నూనెచట్టి ఎక్కకూడదు, కొత్త బట్ట కట్టకూడదు. వీధంతా టపాకాయలతో మోగుతుంటే మేము రసంతో అన్నం తిని, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాళ్ళం.

నేను ఆ ఇంటికి పెద్దకోడలిని. ఈ తమిళనాటి ధర్మపురిలోనే కాలేజీ చదువు చదివాను. పెళ్ళైన కొత్తలో ఈ కట్టుబాటు గురించి మా వారు ధనశేఖర్‌తో వాదించేదాన్ని. వాదనలో ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. చట్టి మాత్రం ఎక్కేది కాదు. కొన్నాళ్ళకు వాదించడం మానేశాను.

అట్లాగని దీపావళి నాడు మేము నోరు కట్టుకున్నదీ లేదు. ఎదురింటి సెల్వరాణి ఇడ్లీలూ మటన్ కొళంబు పులుసూ పంపేది. మూలింటి గోవిందమ్మాళ్ మాంసం ముట్టదు, ఆమె ఇంటి నుంచి అరిసెల్లాంటి కజ్జాయాలు వచ్చేవి. వీధిలో ఇంటింటి నుంచీ పళ్ళెం వచ్చేది. అత్తమ్మ గౌరమ్మ ఒక్కొక్క పళ్ళాన్నీ రెండు చేతులా అందుకుని తలవంచుకుని లోపలికి తెచ్చేవారు. "తినేది నోరు, బరువు మోసేది మెడ," అనేవారు.

మామగారు దొరసామి ఈ పండుగ కోసమే మహేంద్రమంగళం నుంచి ఒక ఆవును తోలుకొచ్చి పెరట్లో కట్టారు. అది ఒక ఏడు దీపావళి మరునాడు పొద్దున ఈనింది. దూడ బాగుంది, పాలు బాగున్నాయి. అయినా అత్తమ్మ నెల రోజులు ఆ ఆవు ముఖం చూడలేదు. "ఒక్క రాత్రి ముందు ఈనుంటే నీ అబ్బ సొమ్ము ఏమి పోయుండు?" అని దాన్ని తిడుతూనే కుడితి పెట్టేవారు.

చివరికి పోయిన ఏడు పండుగ తిరిగి వచ్చింది. మా మరిది గుణశేఖర్ భార్య విజికి డాక్టరమ్మ చెప్పిన తేదీ ఇంకా దూరంలో ఉండగానే దీపావళి వేకువన నొప్పులు మొదలయ్యాయి. వీధి నిండా పొగ, ఆటో దొరకలేదు. సెల్వరాణి భర్త తలకు పెట్టుకున్న నూనె కారుతుండగానే కారు తీసి ఆసుపత్రికి చేర్చాడు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. శాంతిప్రియ. అత్తమ్మ బిడ్డను చేతికి తీసుకోకముందే విజి తల నిమిరి, "తల్లీ, నువ్వు బిడ్డను కన్లేదే, పండగను కనినావు," అన్నారు.

విజి కళ్ళు తెరవకుండానే, "రెండూ కన్నట్టే ఉండాది అత్తా, అంత నొప్పి," అంది.

ఈ ఏడు, దీపావళికి ముందొచ్చే తమిళ నెల పురట్టాసి కడపటి వారంలో అత్తమ్మ మా అందరినీ వసారాలో కూర్చోబెట్టారు.

"ఈ తూరి మన పళ్ళెం పోవల్ల. ఇన్నేండ్లు మనకు పెట్టిన ప్రతి ఇంటికీ పోవల్ల. నూనెలో వేగిందే పోవల్ల. ఒక్క ప్రాణం నుంచే అందరికీ పోవల్ల. ఒకింటికి మంచి కూర, ఇంకొకింటికి ఎముక అని మాట రాకూడదు."

"అట్లయితే పొట్టేలును ముంచల్ల మా, నూనెలో," అన్నాడు గుణ.

"నిన్ను ముంచితే సరిపోతాది. కండ ఉండాది, బుద్ధి లేదు, బాగా వేగుతావు."

గుణకు పెళ్ళిళ్ళకు పాత్రలు అద్దెకిచ్చే అంగడి ఉంది. అండాలు, గ్యాసు పొయ్యిలు, మనిషి పొడుగు గరిటెలు అన్నీ అతని దగ్గరే. ఆ ధైర్యంతో ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎక్కడో చలిదేశంలో ఒకాయన తలా కాళ్ళూ తీసిన పెద్ద కోడిని మొత్తంగా నూనెలో దించి, కాసేపటికి బంగారు రంగులో పైకి తీస్తున్నాడు. మేము వాన్‌కోడి అంటామే, ఆ టర్కీకోడి.

"వాళ్ళ పండక్కి ఇట్లనే చేస్తారంట. ఒకే కోడి, వీధికంతా చాలుతుంది. ఏరియూరులో కలైయరసన్ దగ్గర వాన్‌కోళ్ళు ఉండాయి."

అత్తమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చూశారు. "ఇదే," అన్నారు. బిడ్డకు నీళ్ళు పోసే వేళైందని లేచిపోయారు.

ఆమె వెళ్ళాక నేను అదే ఫోనులో ఇంకో వీడియో వెతికి గుణకూ మా వారికీ చూపించాను. అందులో కోడి తడిగా ఉంది. కాగిన నూనెలో దిగీ దిగగానే నూనె పొంగి, అంచు దాటి పొయ్యి మీద పడి, మనిషి ఎత్తున మంట లేచింది. గుణ ముఖంలో నవ్వు పోయింది.

"తడి లేకుండా తుడిచే బాధ్యత నాది," అన్నాను. "నూనె ఎంత పోయాలో చెప్పేదీ నేనే. ముంగిటి నడుమ, కొట్టానికి దూరంగా పెట్టాలి. కోడి బయటికి వచ్చేదాకా ఒక్క టపాకాయ పేలకూడదు. దీనికి ఒప్పుకుంటేనే."

"సరే వదినా. నువ్వే కలెక్టరు," అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఒంటరిగా ఉన్నప్పుడు అత్తమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. "యోగా, ఏమి చేసినా నువ్వు నిలబడి చూసుకో మే. తిరిగొచ్చిన మొదటి యేడు. చట్టి దగ్గర ఒక్క అపశకునం అయినా, నా ఊపిరి ఉండేదాకా మళ్ళీ దాన్ని ఎక్కించను. నాకు గుండె చాలదు." ఆమె చేయి నా మోకాలి మీద ఉంది. సరే అన్నాను.

కోడి పండుగకు ముందు రోజు వచ్చింది. ఏరియూరులోనే కోసి, ఈకలు పీకి, కాల్చి, లోపలంతా శుభ్రం చేసి ఇచ్చారు. నూనె ఎంత పోయాలో తెలుసుకోవడానికి నేను దాన్ని ఖాళీ అండాలో పెట్టి మునిగేదాకా నీళ్ళు పోశాను. కోడిని బయటికి తీశాక నీళ్ళు ఎక్కడిదాకా దిగాయో అక్కడ అండా గోడకు సున్నంతో గీత గీశాను. నూనె అంతే పోయాలి, గీత దాటితే కోడి దిగినప్పుడు పొర్లుతుంది. తరువాత గీత చెరగకుండా అండాను తుడిచి ఎండబెట్టించాను. కోడిని పాత పంచెలతో లోపలా బయటా ఒత్తి తుడిచాను. విజి ఉప్పు, మిరియాల పొడి, కారం, పసుపు పొడి కలిపి పట్టించింది. ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి, మూత లేకుండా లోపల పెట్టాం, రాత్రంతా చలికి చర్మం ఆరాలని.

అత్తమ్మ ఇదంతా వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నారు. కోడిని నీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడిచి, లోపల పెట్టేశామని మాత్రమే ఆమె కంటికి ఆనింది. అది నాకు అప్పుడు తట్టలేదు.

దీపావళి పొద్దున అందరికీ తలస్నానాలయ్యాయి. అత్తమ్మ కొత్త చీరల అంచులకు పసుపు రాసి తానే అందరి చేతికీ ఇచ్చారు. ముంగిట విజి పెద్ద పిండిముగ్గు వేసింది. ముగ్గుకు అవతల పొయ్యి, దాని మీద అండా. వేరుశనగలు ఆడే గానుగ నుంచి తెచ్చిన చెనిక్కాయ నూనె వాసన వీధి చివరిదాకా పోయినట్టుంది. "గంగాస్నానం అయిందా?" అని దీపావళి పలకరింపుతో సెల్వరాణి వచ్చేసింది. వెనకే గోవిందమ్మాళ్ వచ్చి, కోడి ఉన్న వైపుకు వీపు పెట్టి కుర్చీ వేసుకుంది.

"నేను తినేదాన్ని కాదు, చూసేదాన్నీ కాదు. మీ ఇంట్లో పొయ్యి వెలిగితే పక్కన ఉందామని వచ్చినా," అంది అరవంలో.

నూనె కాగింది. చిటికెడు పిండి వేసి చూశాను, వెంటనే పైకి తేలింది. గుణ, మా వారు కోడిని తెచ్చారు. కాళ్ళకు గట్టి ఇనప కొక్కెం తగిలించి, దాన్ని పొడుగాటి కర్ర నడుమ వేలాడదీసి, ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ పట్టుకున్నారు. కాళ్ళు పైకి, మెడ కిందికి. పసుపు కారం పట్టిన కోడి పసుపుపచ్చగానే ఉంది. విజి బిడ్డను చంకన వేసుకుని అండాకు నాలుగడుగుల దూరంలో నిలబడి వేలు చూపిస్తోంది. "చూడు, చూడు, నీ పుట్టిన్నాటి కోడి."

వాళ్ళు ముగ్గు మీదుగా నడిచారు. అప్పుడు నేను ముగ్గు వైపు చూశాను. తెల్లటి పిండి మీద ఒక పసుపుపచ్చని చుక్క. దాని పక్కన ఇంకొకటి పడింది.

"ఆగండి! గుణా, నూనె మీదికి తేవద్దు! వెనక్కి, వెనక్కి!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఇద్దరూ కర్రతో సహా బిగుసుకుపోయారు. నేను పరుగెత్తి గ్యాసు ఆపాను. కోడిని తొట్టి దగ్గరికి మోయించి తలకిందులు చేయించాను. కడుపులోంచి పసుపునీళ్ళు బొళబొళమని పడ్డాయి. ఒక చెంబెడు ఉంటాయి.

అత్తమ్మ తొట్టి దాకా వచ్చి చూశారు. తరువాత అత్తమ్మ అన్నారు, "నేనే కడిగినాను."

"ఎప్పుడు మా?" అన్నాడు గుణ.

"వేకువన. మీరంతా తలకు పోసుకుంటా ఉంటిరి. రాత్రంతా నిలవున్న కూర. పసుపునీళ్ళతో కడక్కుండా ఏ కూరైనా పొయ్యికెక్కుతుందా? నిన్న మీరు ఉత్త నీళ్ళలో ముంచి గుడ్డతో తుడిచి పెట్టేస్తిరి. చదువుకున్న పిల్లలు, మరిచినారని అనుకుంటి. అందరి ముందరా చెప్పి యోగాను చిన్నబుచ్చేదెందుకని, నేనే లోపలా బయటా బాగా కడిగి పెట్టేస్తి."

"పసుపు పొడి పట్టించినాం కదా అత్తా," అంది విజి.

"అది మసాలా పసుపు. కడిగేది వేరే."

నేను నెమ్మదిగా చెప్పాను, కాగిన నూనెలో నీళ్ళు పడితే ఏమవుతుందో. గుణ దాచకుండా ఆ వీడియో తీసి చూపించాడు. అత్తమ్మ మంటను చూశారు. తల ఎత్తి అండాను చూశారు. తరువాత విజి చంకలో ఉన్న బిడ్డను చూశారు. ముఖం తెల్లబోయింది. మెల్లగా అరుగు మీద కూలబడ్డారు.

"దించేయండి," అన్నారు. "ఆ నూనె దించేయండి. ఆ పోయిన ఆయమ్మకు ఇష్టం లేదు. పండగ మనకు రాసిపెట్టలేదు. నా చేత్తో నేనే బిడ్డను..." కొత్త చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు.

సెల్వరాణి దగ్గరికి వెళ్ళబోయి ఆగింది. మా వారు నా వైపు చూశారు. నా దగ్గర ఉన్నవన్నీ వాదనలే. వాటితో ఈ ఇంట్లో చట్టి ఎక్కదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను, అంతే.

మామగారు ఎప్పుడూ పెద్దగా మాట్లాడరు. ఆ పొద్దున కూడా గోడ పక్కన వక్క నములుతూ నిలబడి ఉన్నారు. వక్క ఉమ్మేసి వచ్చారు.

"ఏమే, నీకు కూర పసుపునీళ్ళతో కడిగేది ఎవరు నేర్పించింది?"

అత్తమ్మ ముఖం అటు తిప్పుకున్నారు.

"చెప్పు మే. మీ పుట్టింట్లోనా?"

"మా ఇంట్లో యాడ? మీయమ్మే. వచ్చిన తొలి వారం కడక్కుండా కూర పొయ్యి మీద పెట్టినానని చట్టి ఎత్తి పెరట్లో పారేసింది కదా."

"మరి? ఈ పొద్దు ఆ యమ్మ ఇక్కడుంటే ఈ వాన్‌కోడిని కడక్కుండా పోనిచ్చుండునా? నీకంటే ముందే లేచి కడిగుండు. రెండు చెంబులు కడుపులో పోసుండు. నువ్వు చేసింది ఆ యమ్మ మాటే. తన మాట విన్నదానికి తానే కోపం చేసుకుంటుందా? కడక్కుండా వేసుంటే అప్పుడు కోపం వచ్చుండు. ఇప్పుడు ఏమి కాలేదు కదా? పెద్దకోడలు చూసింది, ఆపింది. చూడమని కన్ను తిప్పింది ఎవరంటావు?"

నాకు తెలిసి నా కన్ను నేనే తిప్పాను. ఆ మాట మామగారి నోటి నుంచి వచ్చేసరికి కాదనబుద్ధి కాలేదు. అత్తమ్మ ముఖం ఎత్తి ఆయన్ను చూశారు. తరువాత నన్ను చూశారు.

"అవునా యోగా?"

"నేను ముగ్గు వైపు ఎందుకు చూశానో నాకే తెలియదు అత్తా," అన్నాను. అది నిజం. వాళ్ళు అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ముగ్గు చెరుగుతుందేమోనని చూసి ఉంటాను. చెరిగితే నాకు గిట్టదు.

"ఎంత చెప్పినా కోడికి మాత్రం గంగాస్నానం బాగా అయింది," అంది సెల్వరాణి. "తల తుడవండి, సాంబ్రాణి కూడా పట్టండి, సర్ది చేస్తుంది."

గోవిందమ్మాళ్ వీపు తిప్పుకునే నవ్వింది. గుణ నవ్వాడు. అత్తమ్మ కొంగు నోట్లోంచి తీశారు.

"అది ఆరేదాకా నువ్వు ఊరికే కూర్చోకు," అన్నారు మామగారు. "కజ్జాయం పిండి కలిపి పెట్టుకున్నావు కదా. నూనెలో మొదట తీపి పడనీ."

నిజానికి ఆ పిండి గోవిందమ్మాళ్ లాంటి వాళ్ళ కోసం వేరే చట్టిలో వేయాలని అనుకున్నది. కోడి దిగకముందే ఈ నూనెలో వేస్తే ఇంకా మేలు. నేను గ్యాసు మళ్ళీ వెలిగించాను. అత్తమ్మ పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని, చేతులు తుడుచుకుని, పిండి గిన్నెతో వచ్చారు. ఆకు మీద తట్టిన మొదటి కజ్జాయాన్ని అరచేతి మీదికి జార్చుకుని అండా ముందు నిలబడ్డారు. పెదవులు కదిలాయి. ఏమి మొక్కుకున్నారో వినబడలేదు. నూనెలోకి జారవిడిచారు. అది మునిగి, ఒక ఊపిరి తీసినంతసేపు కనబడక, ఉబ్బుతూ పైకి వచ్చింది. గుణ తన పొడుగు గరిటెతో నూనె పైకి పోస్తూ తిప్పాడు. చక్కని రంగు.

మొదటిది బిడ్డ చేతికి కాదు, గోవిందమ్మాళ్ చేతికి ఇచ్చారు అత్తమ్మ. ఆమె ఊదుకుంటూ తిని, "బెల్లం ఒక ముద్ద తక్కువ," అంది. "అయినా నీ చేతిది తిని ఎంత కాలమైంది గౌరా." అత్తమ్మ కజ్జాయాలు తట్టడం ఆపలేదు. భుజంతో మాత్రం కళ్ళు తుడుచుకున్నారు.

ఇటు వైపు మేము కోడికి సేవ చేస్తున్నాం. మామగారు భుజం మీది తుండు ఇచ్చారు. నేను దాన్ని కడుపులోకి దూర్చి తిప్పి తిప్పి తీశాను. రెక్కల మడతల్లో, తొడల సందుల్లో గుడ్డ పెట్టి ఒత్తాను. అప్పుడు విజి లోపలికి పోయి తన జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చింది. కిటికీలోంచి వైరు లాగి కోడికి గాలి పట్టింది.

"పెండ్లికి మా అన్న ఇచ్చింది. ఇన్నాళ్ళకు దీనికి మంచి పని దొరికింది," అంది.

"నీ జుట్టుకు ఇంతసేపు పట్టేది లేదు కదే," అన్నాడు గుణ.

"నా జుట్టును ఎవరూ పసుపునీళ్ళలో నానబెట్టలేదు."

నేను వేలితో ప్రతి మడతా తడిమి చూశాను. టిష్యూ కాగితం లోపల పెట్టి తీసి చూశాను, పొడిగా వచ్చింది. ఇంకోసారి పెట్టి చూశాను. విజి మళ్ళీ పొడులు చల్లింది. బిడ్డను లోపలికి పంపించాను. పొయ్యి ఆపించి, గుణ చేతులకు మందపాటి తొడుగులు వేయించి, అప్పుడు కర్ర ఎత్తమన్నాను.

కోడి అంగుళం అంగుళంగా దిగింది. నూనె గలగలమంది. బుడగలు లేచి, సున్నం గీత దాటి, అంచుకు బెత్తెడు కింద నిలిచాయి. పొర్లలేదు. పూర్తిగా మునిగాక పొయ్యి వెలిగించాను. అత్తమ్మ నా పక్కనే ఉన్నారు. నా జబ్బ పట్టుకున్న పట్టు చూస్తే అక్కడ గుర్తు పడి ఉంటుందనిపించింది. గలగల మెల్లగా సన్నబడింది. ఆ శబ్దం మారే కొద్దీ ఆమె పట్టు వదులైంది.

పైకి తీసినప్పుడు అది వీడియోలోని బంగారు రంగులో లేదు. పసుపునీళ్ళలో నానిన చోట ముదురుగా, తుడిచిన గుర్తులు ఉన్న చోట చారలుగా ఉంది. రెక్క ఒకటి కొంచెం నల్లబడింది. కానీ కత్తి పెట్టగానే తోలు కరకరమంది, లోపల కండ తెల్లగా, తడిగా ఉంది. నేను తొడ ఎముక దగ్గర విప్పి చూశాను, పచ్చి లేదు. ఉప్పు లోపలికి దిగింది. కారం మాత్రం కడుగుడులో పోయింది, రెండోసారి చల్లినది ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. సెల్వరాణి ముక్క నోట్లో వేసుకుని, "ఇంత పెద్ద ఆకారానికి ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు," అంది.

మాంసం ముట్టని ఇళ్ళకు కజ్జాయాలే. మిగతా ప్రతి పళ్ళెంలో అదే కోడి ముక్క, రెండేసి కజ్జాయాలు. ఎముక ఎవరికీ పోలేదు, ఎముకలన్నీ మా ఇంట్లో ఆగిపోయాయి. గుణ పళ్ళాలు మోస్తానన్నాడు. అత్తమ్మ వద్దన్నారు. ఒక్కొక్క పళ్ళాన్నీ తానే ఎత్తుకుని, ఒక్కొక్క గడపా తానే ఎక్కారు. నేను వెనకాల మిగతావి పట్టుకుని నడిచాను. ప్రతి ఇంట్లోనూ ఒకే మాట: "మీ పాప పుట్టినరోజంట కదా." "పాప పుట్టినరోజే," అనేవారు అత్తమ్మ, "పండగ కూడా." రెండో మాట అనేటప్పుడు ఆమె తల పైకి లేచేది. మమ్మల్ని ఆకలితో ఉంచని వీధి అది. మా మీద జాలి చూపించి కూడా ఒక్కనాడూ దెప్పని వీధి. ఆ గడపలు ఎక్కుతున్నప్పుడు, ఇంత మంచి వాళ్ళ నడుమ ఇల్లు దొరికినందుకు ఎవరికి మొక్కాలో తెలియక, తలుపు తీసిన ప్రతి ముఖానికీ నేను మనసులో మొక్కుకున్నాను.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయారు. నేను చల్లారిన నూనెను గుడ్డలో వడగడుతుంటే అత్తమ్మ వచ్చి మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"యోగా, వచ్చే దీపావళికి ఏమి వేయల్ల నూనెలో?"

నేను ఈ ఇంటికి వచ్చాక ఆమె నోట 'వచ్చే దీపావళి' అనే మాట వినడం అదే మొదలు.

"మీరు ఏది అంటే అది అత్తా. కడిగేటప్పుడు మాత్రం నాకు చెప్పి కడగండి."

"చెప్తే నువ్వు కడగనిస్తావా?"

"ఇవ్వను."

"మరి చెప్పేదెందుకు?" అన్నారు ఆమె. "ఆ రెక్క ఉంటే తే, ఆకలేస్తా ఉండాది," అన్నారు.

పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదని నాకు అప్పుడు తట్టింది. లేచి వెళ్ళి పళ్ళెం పెట్టాను.